హెలికాప్టరుకి పెట్టిన బొట్టు

ఇది ఒక హెలికాప్టరు కూలిన కథ. కంగారు పడకండి, ప్రాణనష్టం ఏమీ జరగలేదు. పరువు నష్టం సంగతి మాత్రం అడక్కండి. ఆ రోజు యారాడ ఇసుకలో పడిన నా పరువులో కొంత భాగం ఇప్పటికీ దొరకలేదు. కూల్చింది నేనే. గాలి తోసేసిందనో, బ్యాటరీ మోసం చేసిందనో చెప్పుకునే వీలు కూడా లేకుండా, ఊరంతా చూస్తుండగా, మంచి ముహూర్తంలో మరీ కూల్చాను.

హెలికాప్టరంటే మనుషులెక్కేది కాదు లెండి. రిమోటుతో నడిచే బుల్లిది. మూరెడు పొడుగు, చిన్న కరెంటు మోటారు, నెత్తిన రెండు రెక్కలు, తోక చివర ఒక పిల్ల పంకా. అప్పటికి నాకు పెళ్లై ఏడాది కూడా కాలేదు. గాజువాకలో ఒక మేడ మీది పోర్షన్లో అద్దెకుండేవాళ్లం. నేనొక ఫ్యాక్టరీలో క్రేన్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ని. లారీలను గోలీకాయల్లా ఎత్తి పక్కన పెట్టే క్రేన్లే నా మాట వింటుంటే ఈ తూనీగ వినదా అనుకుని ఫోన్లో ఆర్డరు పెట్టేశాను. అట్టపెట్టె వచ్చిన రోజున మా ఆవిడ సత్యవతి అది మిక్సీ అనుకుని పసుపు, కుంకుమ పళ్లెంలో పెట్టుకుని ఎదురొచ్చింది. పెట్టె విప్పాక ఆ పళ్లెం ఎంత చప్పుడుతో లోపలికి వెళ్లిందో చెప్పను.

ఇప్పుడు ఈ హెలికాప్టరు నడపడం గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగినదానికి మీరు నన్ను వివరం తెలీకుండా తిడతారు. తెలిసి తిడితేనే నాకు తృప్తి. రిమోటు మీద రెండు పుల్లలుంటాయి. ఎడమచేతి పుల్ల పైకి లేపుతుంది, తోక తిప్పుతుంది. కుడిచేతి పుల్ల ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచుతుంది. తోక మనవైపు ఉన్నంతసేపూ అంతా సవ్యంగానే ఉంటుంది. అది గిరుక్కున తిరిగి ముక్కు మనవైపు పెట్టిందా, ఇక మన ఎడమ దానికి కుడి, మన కుడి దానికి ఎడమ. దూరంగా పొమ్మంటే మీదికొస్తుంది. ఇది బుర్రకి తెలిసినా చేతికి తెలియడానికి నెలలు పడుతుంది. నా చేతికి ఇంకా ఎక్కువ పట్టింది.

మొదటిసారి డాబా మీద ఎగరేసిన రోజునే పక్కింటి పార్వతమ్మగారు అక్కడ గుడ్డ పరిచి బూడిద గుమ్మడి వడియాలు పెట్టుకున్నారు. హెలికాప్టరు జానెడు లేచి, ముక్కు నావైపు తిప్పింది. ఎడమకు పొమ్మన్నాను. అది కుడికి, అంటే సరాసరి వడియాల్లోకి వెళ్లి, అక్కడ కవ్వంలా తిరిగింది.

"ఓలమ్మో! ఇదేటి బాబూ, తూనీగా?" అంటూ పార్వతమ్మగారు పరిగెత్తుకొచ్చారు.

"హెలికాప్టరండీ. నేర్చుకుంతన్నాను."

"నేర్చుకుంతే నేర్చుకో. నా వడియాలు నా మొకానికి కొట్టడం ఏటి?"

ఆవిడ చెప్పింది నిజమే. బుగ్గ మీద ఒకటి అతుక్కుని ఉంది.

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని, నేర్చుకునేవాళ్లందరూ చేసే పని చేశాను. హెలికాప్టరు కాళ్ల కింద రెండు పుల్లలు అడ్డంగా కట్టి, చివర్లకు నాలుగు ప్లాస్టిక్ బంతులు గుచ్చాను. అలా కడితే పక్కకి ఒరిగి రెక్కలు నేలకి కొట్టుకోవు. సత్యవతి బట్టలు ఆరేస్తూ అదంతా చూసింది.

"ఏటండీ ఇది, నాలుగు బంతులేసుకుని కప్పలాగ గెంతతంది. దీన్ని హెలికాప్టరంతారేటి?"

కప్ప అయినా కాసేపు గెంతాక నీళ్లలోకి పోతుంది. నాది ఎటు పోయినా గోడకే పోయేది. అర నిమిషం ఎగరడం, అరపూట బాగుచేయడం. వంగిన ఇరుసు పీకేసి సైకిలు ఊచ కోసి పెట్టాను. విరిగిన తోకకి కొబ్బరి ఈనెతో కట్టు కట్టాను. మా వంటింట్లో పోపు వాసన కంటే సోల్డరింగు వాసన ఎక్కువైపోయి, ఒకరోజు సాంబారులో సీసం వేశావా అని సత్యవతినే అడిగాను. ఆ రోజు నాకు సాంబారు లేదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను ఎగరేయలేక రెక్కలు ఓడన్నాను. అందులో కాస్త నిజం లేకపోలేదు. రెండు రెక్కలూ అచ్చంగా ఒకే బరువుండాలి. ఒకటి ఆవగింజంత ఎక్కువైనా తిరిగేటప్పుడు మొత్తం హెలికాప్టరు వణికిపోతుంది. అందుకని తేలికైనదానికి చిన్న టేపు ముక్క అంటించి సమానం చెయ్యాలి. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. సమయానికి నేను మరిచిపోతాను.

ఆవగింజ తేడా చెప్పే తక్కెడ ఎక్కడుంటుంది? బంగారం కొట్లో. గాజువాక మార్కెట్లో ఒక చిన్న కొట్టుకి రెక్కలు రెండూ జేబులో పెట్టుకుని వెళ్లాను. కొట్టాయన అద్దాల పెట్టెలో ఉన్న కాటా మీద ఒక రెక్క పెట్టి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏ సరుకు బాబూ ఇది?"

"ప్లాస్టిక్కండి."

"అమ్మకానికా, మార్చడానికా?"

"తూయడానికేనండి. రెండూ సమానంగా ఉన్నాయో నేదో సూడాల."

"ముప్పై ఏళ్ల నుంచి కొట్టు నడుపుతన్నాను. తరుగు గురించి దెబ్బలాడకుండా తూయించుకున్నోడివి నువ్వొక్కడివే," అని ఆయన మనసారా నవ్వి, చెవి కమ్మకి రాయి పొదిగినంత శ్రద్ధగా చిమటాతో ఎర్ర టేపు ముక్క పెట్టి, తీసి, కత్తిరించి, మళ్లీ పెట్టి, చివరికి గట్టిగా ప్రకటించాడు. "రెండూ ఒకే తూకం బాబూ! వెంట్రుకంత తేడా నేదు!"

ఆ ప్రకటన వినాల్సినవాళ్లు కాక ఇంకొకరు కూడా విన్నారు. గొలుసు కొక్కెం అతికించుకోవడానికి వచ్చిన పార్వతమ్మగారు గుమ్మంలో ఉన్నారు. ఆవిడకి నా వీపు, కాటా, ఆ మాట తప్ప ఇంకేమీ కనపడలేదు, వినపడలేదు. నేను నడిచి ఇంటికి చేరేలోపు ఆవిడ ఆటో ఎక్కి చేరిపోయారు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి సేమ్యా పాయసం. సత్యవతి పెళ్లిరోజుకని దాచుకున్న చీర కట్టుకుని, గిన్నె నా చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"తెచ్చేరా?" అంది.

"తెచ్చేను. నీకెలా తెలిసింది?"

"పార్వతమ్మగారు సెప్పేరు. రెండూ ఒకే తూకమంట కదా."

నా గుండె పొంగిపోయింది. మగవాడి కష్టం ఇంత అర్థం చేసుకునే ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది! "ఒకే తూకం సత్యా! ఆయనే ఆశ్చర్యపోయేడు."

"ఇలాగియ్యండి. ఇప్పుడే ఎట్టుకుంతాను."

పెట్టుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు కానీ, ఆనందంలో ఉన్నవాడికి అన్నీ అర్థం కానక్కర్లేదు. జేబులోంచి రెండు రెక్కలూ తీసి ఆమె అరచేతిలో పెట్టాను. "ఆ ఎర్ర టేపు సూడు, ఎంత ముచ్చటగా ఉన్నాదో."

సత్యవతి రెక్కల వంక చూసింది. నా వంక చూసింది. నా చేతిలోని పాయసం గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. చెంచా మాత్రం నా నోట్లో మిగిలింది.

కాసేపటికి బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. "నాను గోపాలపట్నం ఆడపిల్లని. ఒక మాటే సెప్తాను. ఈ తూనీగ నలుగురి ముందు ఒక్కపాలి ఎవులికైనా పనికొచ్చిందా, ఉంచుకోండి. నేదంటే ఉల్లిపాయలోడికి ఏసేత్తాను."

ఉల్లిపాయలోడంటే మా వీధిలో రోజూ బండి తోసుకుంటూ వచ్చేవాడు. పాత ఇనుము, పాత ప్లాస్టిక్ తీసుకుని ఉల్లిపాయలిస్తాడు. అంతవరకూ అతని కేక నాకు వినపడేదే కాదు. ఆ రోజు నుంచి ఆ కేక వినగానే హెలికాప్టరుని మంచం కిందికి తోసేవాణ్ణి. నా ప్రాణమంతా అందులోనే ఉంది మరి. దాన్ని కిలో ఉల్లిపాయలుగా ఊహించుకోలేకపోయాను.

సరిగ్గా అప్పుడే అప్పన్న వచ్చాడు. అప్పన్నదీ నాదీ ఐటీఐలో ఒకే బల్ల. చదువయ్యాక నేను ఫ్యాక్టరీకి, అతను యారాడలో వాళ్ల నాన్న వెనక సముద్రానికి వెళ్లిపోయాం. ఇన్నేళ్లూ ఇంకొకళ్ల బోట్ల మీద వేటకెళ్లినవాడు, ఇప్పుడు సొంతంగా ఫైబరు బోటు చేయించుకున్నాడు. ఆ కబురు చెబుతుంటే అతని మొహం దీపం పెట్టినట్టుంది.

"శుక్రారం పొద్దున్న దింపుతన్నాం బావ. నువ్వూ సెల్లీ రావాల. మాయమ్మ మరీ మరీ సెప్పింది," అన్నాడు. ఇంతలో మంచం కింద నుంచి తోక బయటికొచ్చి ఉండటం చూశాడు. "ఇదేటి బావ, ఎగుర్తాదేటి? అయితే మన బోటు మీద పైనుంచి పూలు పొయ్యగలదేటి?"

వద్దని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలోనే సత్యవతి వంటింట్లోంచి తల బయటికి పెట్టింది.

"పూలేటి బావ," అన్నాను కాలు మీద కాలేసుకుని, "కావాలంటే పన్నీరు కూడా సల్లించేత్తాను."

ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట. డాబా గోడ దాటించలేనివాణ్ణి సముద్రం ఒడ్డున పూలవాన కురిపిస్తానన్నాను.

"అన్నయ్యా, నువ్వే సాచ్చికం," అంది సత్యవతి. "పూలు పడితే తూనీగ ఉంటాది. నేదంటే ఉల్లిపాయలు."

నిజం చెప్పొద్దూ, ఆ వారమంతా నేను కష్టపడ్డాను. బంతులు తీసేసి, తోక నావైపే ఉంచుకుని, గాల్లో ఒకచోట నిలబెట్టగలిగాను. కడుపు కింద ఐస్‌క్రీం కప్పు ఒకటి కట్టి, బటను నొక్కితే అది బోర్లా పడేలా చిన్న మోటారు పెట్టాను. సత్యవతి కూడా పైకి చూడనట్టే ఉండి, కప్పులో వెయ్యడానికి బంతిపూల రేకులు తనే తుంపి ఇచ్చింది. అంతా బాగానే ఉంది. ఆ శుక్రవారం నా బుర్ర ఇంటిదగ్గరే ఉండిపోవడం ఒక్కటే లోపం.

యారాడ ఒడ్డున అప్పన్న బోటు నీలం రంగులో తళతళలాడుతోంది. ముక్కుకి బంతిపూల దండ, కింద నిమ్మకాయలు, ఎదురుగా దిష్టి తీసి పగలగొట్టడానికి కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయ. అప్పన్న వాళ్లమ్మ నూకాలమ్మ పసుపు ముద్ద చేత్తో పట్టుకుని బోటు చుట్టూ తిరుగుతోంది. ఆ అమ్మ చెయ్యి నలభై ఏళ్లు వల లాగిన చెయ్యి. ఆమె బొట్టు పెడితే అది బొట్టులా కాదు, ముద్రలా పడుతుంది.

అది చూస్తుంటే నాకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. మా ఫ్యాక్టరీలో దసరాకి బొట్టు పెట్టని యంత్రం ఉండదు. క్రేను కొక్కేనికి పెడతాం, స్విచ్చు బోర్డుకి పెడతాం, స్క్రూడ్రైవరుక్కూడా పెడతాం. కొత్త సైకిలు కొన్నా నిమ్మకాయ తొక్కించకుండా రోడ్డెక్కించం. అలాంటిది ఈ హెలికాప్టరుకి, వచ్చిన రోజున పసుపు కుంకుమ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాయి! ఇన్నాళ్లూ కూలడానికి కారణం నా చెయ్యి కాదు, ఇదే! ఈ ఆలోచన వచ్చాక నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"అమ్మా," అన్నాను నూకాలమ్మ దగ్గరికి తీసుకెళ్లి, "నీ సేత్తో దీనికీ ఒక బొట్టెట్టీ."

"ఎట్టకుండానే ఎగరేత్తన్నావేటిరా ఇన్నాళ్లూ!" అని ఆమె నొచ్చుకుని, తనవైపు ఉన్న రెక్క మీద పసుపు ముద్ద అద్ది, దాని మీద బొటనవేలితో కుంకుమ నొక్కింది. అక్కడితో ఆగితే ఆమె నూకాలమ్మ ఎలా అవుతుంది! నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ ఒకటి తీసి తోకకి కట్టేసింది. "ఎనక నుంచి దిష్టి తగల్దు."

అప్పన్న గొంతు తగ్గించాడు. "బావ, రెక్కలు బంగారం కొట్లో తూయించేవంట, సెల్లి సెప్పింది. ఇప్పుడు ఒక రెక్కకే బొట్టెడితే తూకం పోదేటి?"

ఇదిగో, మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. అప్పన్న గుర్తుచేశాడు కూడా. అయినా నేనేమన్నాను?

"బొట్టు బరువేటి బావ! అయినా నీ తృప్తి కోసం..." అని, రెండో రెక్కకి నేనే బొటనవేలితో ఇంకో బొట్టు పెట్టాను. అద్దాల పెట్టెలో తూచిన తూకాన్ని బొటనవేలితో సరిచేసిన ఎలక్ట్రీషియన్ ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

బోటు పూజ ముగిసేసరికి ఎండలో నూకాలమ్మ బొట్టు ఎండి రాయైంది. నా బొట్టు పల్చన, ఇంకా తడిగానే ఉంది. జనాన్ని దూరంగా నిలబెట్టి, హెలికాప్టరుని చాప మీద పెట్టి, రిమోటు పట్టుకున్నాను. రెక్కలు తిరగడం మొదలైంది. మొదటి ఫలితం వెంటనే కనపడింది. నా తడి బొట్టు మొత్తం రెక్క వదిలి ఎగిరి, ముందు వరసలోవాళ్ల తెల్లచొక్కాల మీద వరసగా ఒక పసుపు గీత గీసింది. ఆ గీత సత్యవతి కొత్త చీర మీద ముగిసింది.

రెండో ఫలితం ఇంకా ఘనంగా ఉంది. ఒక రెక్కకి ముద్ద ఉంది, రెండో రెక్కకి లేదు. హెలికాప్టరు వణకడం మొదలెట్టింది. తోక ఊగుతోంది, నిమ్మకాయ గెంతుతోంది, ఐస్‌క్రీం కప్పు టకటకలాడుతోంది. నూకాలమ్మ రెండు చేతులూ జోడించింది.

"అమ్మోరు పూనిందర్రా!"

నేను నోరు తెరిచేలోపే ఆడవాళ్లందరూ దణ్ణాలు పెట్టేశారు. ఒకావిడ ముందుకొచ్చి, "తల్లీ, ఈ ఏడు సేప పడతాదా?" అని అడిగింది.

హెలికాప్టరు ఇంకా గట్టిగా ఊగింది.

"పడతాదంట!" అని అందరూ అరిచారు.

మోటారు ఆపెయ్యాలని నాకు తెలుసు. తెలిసిన పని చేసేవాణ్ణైతే ఈ కథ ఉండేది కాదు. ఎదురుగా సత్యవతి పసుపు గీతతో నిలబడి నావైపే చూస్తోంది. ఆ కళ్లలో నాకు ఉల్లిపాయలు కనిపించాయి. ఎడమచేతి పుల్ల పైకి తోసేశాను.

లేచింది. కానీ తోకకి నిమ్మకాయ బరువు కదా, ముక్కు పైకెత్తి, పెద్దల ముందు వీపు చూపించకూడదన్నట్టు వెనక్కి వెనక్కి వెళ్లిపోసాగింది. వెనక ఏముంది? ఎండబెట్టిన నెత్తళ్లు. కంగారులో నా వేలు బటను మీద పడింది. కప్పు బోర్లా పడింది. సత్యవతి తుంపిన బంతి రేకులన్నీ అందంగా, నెమ్మదిగా, ఒక్కటి కూడా వృథా కాకుండా ఎండుచేపల మీదా, వాటికి కాపలాగా పడుకున్న కుక్క మీదా కురిశాయి. కుక్క లేచి నిలబడి ఒళ్లు దులుపుకుంది.

"బావ! బోటు ఇటున్నాది!" అని అప్పన్న కేక.

తెలుసు బావా, తెలుసు! ఇటు రమ్మని పుల్ల తిప్పాను. అది గిరుక్కున తిరిగి ముక్కు నావైపు పెట్టింది. ఇక చెప్పేదేముంది. బోటుకి దూరంగా పొమ్మన్నాను. సూటిగా వెళ్లి బోటు ముక్కుకి తగిలి, ఠక్కుమని, చుట్టూ రెక్కలూ తోకా నిమ్మకాయా చిమ్ముకుంటూ ఇసకలో పడింది.

కొత్త బోటు నీళ్లు తాకకముందే దాని ముక్కు దగ్గర ఒక వస్తువు ముక్కలైంది. వెనక ఎవరో ముసలాయన, "ముక్కుకే తగిలింది..." అని గొణిగాడు. అప్పన్న మొహంలో దీపం ఆరిపోయింది. ఆ బోటు కోసం అతను ఎన్నేళ్లు పరాయివాళ్ల వలలు లాగాడో నాకు తెలుసు. హెలికాప్టరూ గుర్తులేదు, ఉల్లిపాయలూ గుర్తులేవు. సిగ్గుతో ఆ ఇసకలోనే పూడిపోతే బాగుండుననిపించింది.

"బావ... నాను..." అన్నాను.

నూకాలమ్మ నెమ్మదిగా నడిచి వెళ్లి, వంగి, విరిగిన రెక్క ఒకటి చేతిలోకి తీసుకుంది.

"బోటుకేటైనా అయ్యిందేటిరా?"

అప్పన్న ముక్కంతా తడిమి చూశాడు. "గీత కూడా పడ్నేదమ్మా."

"మరి దీనికి?"

"ఇది తుక్కయిపోనాది."

"మరింకేటి!" అంది నూకాలమ్మ ఊరంతా వినేలా. "నా బోటు మీదున్న దిష్టంతా ఇదే తినీసింది. నిమ్మకాయ సితికింది, మిరపకాయ సెదిరింది, ఇంకేటి కావాల? ఇంక ఆ గుమ్మడికాయెందుకు, లోపలెట్టండర్రా. వడియాలెట్టుకుంతాను."

అంతే. ఈలలు, కేకలు, డప్పులు. పదిమంది భుజాలు పట్టి బోటుని నీళ్లలోకి తోశారు. అప్పన్న బోటు మీద నిలబడి నావైపు చెయ్యి ఊపుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. నేను ముక్కలు ఏరుకుంటుంటే సత్యవతి వచ్చి పక్కన కూర్చుని, కొంగులో పళ్లచక్రం ఒకటి వేసుకుంది.

"పూలు బోటు మీద పడ్నేదు," అన్నాను తలొంచుకుని.

"నాను పూలని ఎప్పుడన్నాను? ఎవులికైనా పనికిరావాలన్నాను." ఇసకలోంచి ఇంకో ముక్క ఏరి, "అన్నయ్యకి సెప్పింది పూలనే అనుకోండి. అదీ ఒగ్గీసేను," అంది.

మర్నాడు అప్పన్న స్కూటరు మీద గాజువాక వచ్చాడు. బోటు నిండా పడిందట. చేతిలో నా మోచెయ్యంత వంజరం చేప. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉల్లిపాయలు కోశారు, కానీ అవి బజారులో కొన్నవే. తర్వాతి వారం నూకాలమ్మ పంపిన గుమ్మడి వడియాలు సత్యవతి పట్టుకెళ్లి పార్వతమ్మగారికిచ్చింది. ఆ పాత బాకీ అలా తీరింది.

మీరు ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారు. అసలు ఘోరం ఇప్పుడే ఉంది.

ఆ తర్వాత నేను నిజంగానే నేర్చుకున్నాను. విరిగిన ప్రతి భాగం నా చేత్తో మార్చాను. కొత్త రెక్కలు మళ్లీ అదే కొట్లో తూయించాను. కొట్టాయన ఈసారి టీ కూడా తెప్పించాడు. ముక్కు నావైపు ఉన్నా తడబడకుండా తిప్పడం వచ్చేసింది. అలా ఉండగా అప్పన్న మేనమామ సింహాద్రి కొత్త బోటు దింపుతూ నన్ను సకల మర్యాదలతో పిలిచాడు. ఈసారి బొట్టు రెక్కలకి కాదు, సరిగ్గా నడుమ పెట్టించాను. నిమ్మకాయ దండ రిమోటుకి కట్టించుకున్నాను. హెలికాప్టరు హాయిగా లేచింది. బోటు నెత్తిన నిలబడింది. పూలరేకులు ఒక్కటి పక్కకి పోకుండా బోటు ముక్కు మీద కురిశాయి. తర్వాత అది వెనక్కి వచ్చి, చాప మధ్యలో, పాపాయిని పడుకోబెట్టినట్టు దిగింది. నేను ఛాతీ విరుచుకుని చప్పట్ల కోసం తలెత్తాను.

ఒక్క చప్పట్లేదు.

"అయిపోనాదేటి?" అన్నాడు సింహాద్రి.

"అయిపోనాది మావా!"

"అదేటి, పగల్నేదు?"

"పగలదు మావా, ఇప్పుడు నాకు బాగా వచ్చీసింది!"

సింహాద్రి మొహం వేలాడిపోయింది. "నా అల్లుడి బోటుకైతే పగలగొట్టేవు. నా బోటుకి దిష్టి ఉండిపోవాలేటి? నాను నీకేటి తక్కువ సేసేను?"

"మరి గుమ్మడికాయ కొట్టండి మావా!"

"నువ్వొత్తన్నావని గుమ్మడికాయే తేనేదు!"

జనం గుసగుసలాడారు. బోటు తోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నూకాలమ్మ నావైపు చూసి, "పెద్దోడి మనసు కష్టపెట్టకురా రమణా," అంది. అప్పన్న ఆకాశం వంక చూశాడు. వెనక నుంచి సత్యవతి నా చొక్కా పట్టి లాగింది.

"కూల్చీయండి."

"ఏటి?"

"కూల్చీయండంతన్నాను! నాను అతికిత్తాను కదా."

ఒకప్పుడు ఉల్లిపాయలకి వేసేస్తానన్న మనిషేనా ఈవిడ! సరేనని మళ్లీ ఎగరేశాను. కానీ ఇదేం విచిత్రమో చూడండి, కూలిపోవే తల్లీ అంటే అది కూలదు. చెయ్యి దానంతటదే సరిదిద్దేస్తోంది. ఇన్ని నెలలు కష్టపడి నేర్చుకున్న విద్య సరిగ్గా అక్కర్లేనప్పుడు అడ్డంపడింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. ముక్కు నావైపు తిప్పి, కళ్లు మూసుకున్నాను. మిగతాది నా పాత చెయ్యి చూసుకుంది.

ఠక్కుమన్న చప్పుడు, వెంటనే ఊరంతా ఈలలు. సింహాద్రి వచ్చి నన్ను కావలించుకున్నాడు.

ఇప్పుడు మా మంచం కింద పాత ముక్కలతో అతికించిన హెలికాప్టరొకటి ప్రత్యేకంగా ఉంటుంది. దాన్ని సత్యవతే అతికిస్తుంది, రెక్కలకి బొట్టూ తనే పెడుతుంది, అది కూడా ఒక్కదానికే. వంజరం అయిపోయిన వారం, "ఏటండీ, ఎక్కడా బోట్లు దింపట్నేదేటి?" అని అడుగుతుంది.

అందుచేత సముద్రం సాక్షిగా, సింహాద్రి మావ సాక్షిగా, ఆ రోజు నా పూలు దులుపుకున్న కుక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెలియక ఒక్కసారి చేశాను, చిన్నతనం, క్షమించండి. నా కంఠంలో ప్రాణముండగా జనం ముందు ఇంకెప్పుడూ హెలికాప్టరుని క్షేమంగా దింపను.